ఎదురుగాలిలో సైకిలు: మనసు రాని రోజుల్లో ఏం చేయాలి?



ఈ పేజీలో మేము మామూలుగా షుగరు గురించి, బి.పి. గురించి, పసిబిడ్డల టీకాల గురించి రాస్తుంటాం. ఈసారి ఏ రక్త పరీక్షలోనూ, ఏ ఎక్స్‌రేలోనూ కనబడని ఒక ఇబ్బంది గురించి రాస్తున్నాం. జబ్బు నయమవుతుంది. రిపోర్టులన్నీ బాగుంటాయి. ఇక పని చేసుకోవచ్చునని డాక్టరుగారు చెప్పి పంపుతారు. అయినా మనిషి మంచం దిగడు. "ఒంట్లో ఏమీ లేదమ్మా, మనసే రావడం లేదు" అంటాడు. ఇంట్లోవాళ్లు మొదట జాలిపడతారు, తర్వాత విసుక్కుంటారు, చివరికి సోమరితనం అని పేరు పెట్టేస్తారు. మేము కూడా చాలా ఏళ్లు అలాగే అనుకున్నాం. ఆ అభిప్రాయం ఎక్కడ మారిందో చెబుతాం.

2021 అక్టోబరు ఆఖరులో చిల్లకూరు మండలంలో సముద్రం వైపున్న ఒక పల్లెకు మేము ముగ్గురు సిస్టర్లం ఇళ్లు చూడటానికి వెళ్లాం. ఊరి పేరు, మనిషి పేరు రాయడం లేదు. ఆయన సైకిలు మీద చేపల బుట్ట కట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముకునే మనిషి. ఆ ఏడాది మే నెలలో కరోనా వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మా వార్డులో ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డాడు. ఐదు నెలలు గడిచాయి. ఆక్సిజన్ 97 ఉంది. ఆయాసం లేదు. డాక్టరుగారు సెప్టెంబరులోనే పనికి పోవచ్చన్నారు. కానీ సైకిలు వేపచెట్టు కింద వానకు తడిసి, చైను తుప్పు పట్టి ఉంది. ఆయన నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇల్లు గడవడానికి భార్య రొయ్యల గుంటల దగ్గర కూలికి పోతోంది.

మేము ఎప్పటిలాగే మా పాఠం అప్పజెప్పాం. రోజూ అరగంట నడవాలి, ఊపిరి బాగా తీసుకోవాలి, మెల్లగా సైకిలు తొక్కితే కండలు గట్టిపడతాయి అన్నాం. ఆయన అంతా విని లేచి కూర్చున్నాడు.

"మీరు చెప్పేది బాగానే ఉండాది సిస్టరమ్మా. ఈ గాల్లో మీరొకపాలి సైకిలెక్కి కాలవ కట్ట దాకా పోయిరాండి చూద్దాం. అప్పుడు నేనూ లేస్తా."

"ఏందయ్యా ఆ మాటలు, సిస్టరమ్మల్తోనా?" అని భార్య కోప్పడింది.

మాకు కోపం రాలేదు. సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ రోజుల్లో మా పరిస్థితి ఆయన కంటే గొప్పగా ఏమీ లేదు. ఏప్రిల్ నుండి జూన్ దాకా రెండో అలలో ఎన్ని రాత్రులు డ్యూటీ చేశామో లెక్క లేదు. కేసులు తగ్గాక విశ్రాంతి దొరికింది, నిద్ర దొరికింది, అయినా పని మీద ఇష్టం మాత్రం తిరిగి రాలేదు. యూనిఫారం వేసుకునేవాళ్లం, ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లం, చార్టులు రాసేవాళ్లం. రోగి ముఖం చూసి నవ్వడం మాత్రం కష్టంగా ఉండేది. ముప్పై ఏళ్లు ఇష్టపడి చేసిన పని ఎండిన గంజిలా అయిపోయింది. ఒకరికొకరం చెప్పుకోలేదు కూడా. నర్సులకు ఈ గర్వం ఒకటి ఉంటుంది.

సరేనని రెండు సైకిళ్లు తీశాం. ఒకటి ఆయనదే. చైనుకు కొంచెం నూనె పోస్తే తిరిగింది. రెండోది పక్కింటి అమ్మాయిది, హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన సైకిలు. మేము నర్సింగు చదివే రోజుల్లో తొక్కినవాళ్లమే కానీ ఎక్కి ఇరవై ఏళ్లు దాటింది. వంతులవారీగా ఇద్దరిద్దరం బయలుదేరాం. చీర కుచ్చిళ్లు పైకి దోపుకున్నాం. ఊళ్లో పిల్లలందరూ వెంటపడ్డారు.

అల్పపీడనం పట్టిన ఆకాశం. సన్నగా జల్లు. సరుగుడు తోపు ఉన్నంత దూరం బాగానే పోయాం. తోపు దాటి కాలువ వైపు తిరిగామో లేదో, ఎవరో ఎదురుగా నిలబడి రెండు చేతులతో రొమ్ము మీద నెట్టినట్టయింది. పెడలు కదలదు. కళ్లలోకి ఇసుక. మాలో ఒకరు దిగి నడిచారు. ఇంకొకరు "అమ్మో, ఇక మన వల్ల కాదు" అంటూనే తొక్కారు. బకింగ్‌హాం కాలువ కట్ట చేరేసరికి గుండె దడదడా కొట్టుకుంటోంది, చెవులు గాలికి మొద్దుబారాయి. అక్కడ నిలబడి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తలనిండా ఇసుక, జారిపోయిన ముడులు. మేము నవ్వాం. ఏప్రిల్ తర్వాత ముగ్గురం కలిసి అలా నవ్వడం అదే మొదటిసారి.

తిరిగి వచ్చేటప్పుడు తొక్కవలసిన పనే లేకపోయింది. గాలే తెచ్చి ఇంటి ముందు దించింది. ఆయన మంచం మీద లేడు. వేపచెట్టు కిందకు వచ్చి నిలబడి చూస్తున్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆ గాలి గురించి చెప్పాలి, ఎందుకంటే దానిలోనే మనకు పనికివచ్చే పాఠం ఉంది. అక్టోబరు నుండి డిసెంబరు దాకా మన నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం. గాలి సముద్రం మీది నుండి, ఈశాన్యం నుండి వస్తుంది. తూర్పుకు, ఉత్తరానికి పోయేవారికి ఎదురు, పడమటికి, దక్షిణానికి పోయేవారికి సాయం. ఎదురుగాలి ఎంత బరువో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మనం గంటకు 12 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నాం అనుకోండి. గాలి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తే మన ఒంటికి తగిలే గాలి వేగం 30 అవుతుంది. అంటే రెండున్నర రెట్లు. కానీ గాలి నెట్టుడు అంతకంటే బాగా ఎక్కువ పెరుగుతుంది. వేగం రెండు రెట్లయితే నెట్టుడు నాలుగు రెట్లు, మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. ఈ లెక్కన రెండున్నర రెట్ల వేగానికి నెట్టుడు ఆరు రెట్లకు పైగా ఉంటుంది. కనుక ఎదురుగాలిలో మెల్లగా పోయేవాడు బలహీనుడు కాడు. గాలి లేని రోజు కంటే ఎక్కువ పనే చేస్తున్నాడు. జబ్బు నుండి లేచినవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పాత రోజులతో పోల్చుకుని "అప్పుడు ఎంత దూరం పోయేవాణ్ణి" అని కుమిలిపోతారు. అందుకే మేము దూరం లెక్క వద్దంటాం. గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టుకోండి. మొదటి వారం పది నిమిషాలు చాలు.

ఇంకొక విషయం. మొదట గాలికి ఎదురుగా పోండి, వచ్చేటప్పుడు గాలి వెనక ఉండేలా చూసుకోండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. గాలివాటున హాయిగా దూరం పోతారు, తిరిగి రాలేక అలిసిపోయి, మర్నాడు సైకిలు ముట్టరు. మత్స్యకారులను అడగండి, ఈ సంగతి వాళ్లకు మాకంటే బాగా తెలుసు.

అసలు మనసు రాకుండానే పని మొదలుపెట్టడం వల్ల మనసు తిరిగి వస్తుందా? మొదట మనసు కుదుటపడాలి, తర్వాతే పని అనుకోవడం మన అలవాటు. ఈ మాటను మన దేశంలోనే పరీక్షించి చూశారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన రోగులలో గట్టి డిప్రెషన్ ఉన్న 495 మందిని డాక్టర్ విక్రమ్ పటేల్, వారి తోటి పరిశోధకులు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు మామూలు వైద్యంతోపాటు కౌన్సిలరు వచ్చి ఆరు నుండి ఎనిమిది సార్లు మాట్లాడటం. ఆ కౌన్సిలర్లు మానసిక వైద్య డిగ్రీలు ఉన్నవారు కారు, శిక్షణ పొందిన స్థానికులు. వారు చేసినది ముఖ్యంగా ఇదే: మీరు మానేసిన పనులు ఏవి అని అడగడం, వాటిలో చిన్నది ఒకటి ఎంచుకోవడం, ఏ రోజు ఏ గంటకు చేయాలో ముందే అనుకోవడం, ఆ గంటకు మనసు ఎలా ఉన్నా చేయడం, తర్వాత ఎలా అనిపించిందో చెప్పుకోవడం. మూడు నెలలకు మామూలు వైద్యం గుంపులో 39 శాతం మంది డిప్రెషన్ నుండి తేరుకుంటే, రెండో గుంపులో 64 శాతం మంది తేరుకున్నారు. లాన్సెట్ వైద్య పత్రిక 2017లో దీన్ని అచ్చు వేసింది. అందరూ తేరుకోలేదని కూడా గమనించండి. దాని సంగతి తర్వాత చెబుతాం.

ఈ పద్ధతికి సైకిలే కావాలని లేదు. కొందరికి పెరటి మొక్కలు, కొందరికి కుట్టు మిషను. కానీ సైకిలులో ఒక సౌకర్యం ఉంది. ఒళ్లు కదులుతుంది, ఇల్లు దాటుతాం, నలుగురూ పలకరిస్తారు. మూడూ ఒకేసారి జరుగుతాయి. మంచం మీద ఉన్నప్పుడు పోయినవి కూడా ఆ మూడే. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మాదిరి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు అనుకోండి. ఒక మాదిరి అంటే ఎంత అని అడుగుతారు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే కొలత. ఎదురుగాలిలో మాట కూడా రాకపోతే దిగి నడవండి, అందులో తప్పేమీ లేదు. మాలో ఒకరు నడిచారని చెప్పాం కదా!

"ఆడవాళ్లు, ఈ వయసులో సైకిలేంటి?" అని మమ్మల్ని అడిగినవారు ఉన్నారు. పొరుగున తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానిని ప్రోత్సహించారు. వాళ్లలో రాళ్లు కొట్టే కూలీలున్నారు, పొలం పనివాళ్లున్నారు, మాలాంటి పల్లె నర్సులూ ఉన్నారు. మొదట్లో వారినీ ఎగతాళి చేశారు. ఒకరి మీద ఆధారపడకుండా తిరగడం వచ్చాక వారికి కలిగిన ధైర్యం గురించి పత్రికా రచయిత పి. సాయినాథ్ రాశారు. కనుక మాకు ఆ ప్రశ్న పెద్దగా పట్టలేదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇది చదివి ఎవరైనా తుఫానులో సైకిలెక్కితే ఆ పాపం మాది అవుతుంది. చెడ్డ వాతావరణం అంటే మేము చెప్పేది మబ్బు, జల్లు, ఈదురుగాలి వరకే. రేడియోలో అల్పపీడనం అన్నంతవరకు ఆకాశం చూసుకుని ఊరి దగ్గరలో తొక్కవచ్చు. అది వాయుగుండం అయిందంటే దాని గాలులు గంటకు సుమారు 31 నుండి 50 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండం అయితే 62 దాకా, 63 దాటితే తుఫాను. వాయుగుండం మన వైపు వస్తోందన్న మాట వినగానే సైకిలు ఇంట్లో పెట్టి తాళం వేయండి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్నా అంతే. ఉరుము వినబడితే వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకు రాకూడదు. తాటిచెట్టు కింద, సరుగుడు తోపులో నిలబడకండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఎంత లోతో తెలియదు, దిగవద్దు.

తడి రోడ్డు మీద బ్రేకు పట్టేసరికి చక్రం కొన్ని చుట్లు తిరిగిపోతుంది. ముందుగానే మెల్లగా నొక్కడం మొదలుపెట్టాలి. చిల్లకూరు మండలంలో మోమిడి, బల్లవోలు వైపు తెల్ల ఇసుక లారీలు తిరుగుతుంటాయి. ఆ సిలికా ఇసుక రోడ్డు అంచున పేరుకుంటే చక్రం జారుతుంది. లారీ దాటి పోయే క్షణంలో గాలి ఒక్కసారిగా ఆగి, మళ్లీ కొడుతుంది. అప్పుడు తూలిపోతాం. లారీ వస్తుంటే దిగి పక్కన నిలబడటమే మంచిది. జాతీయ రహదారి మీదికి పోనే వద్దు. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పుడతాయి. పెడలు కిందికి దిగినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఉప్పుగాలి చైనును తినేస్తుంది కనుక ఇంటికి రాగానే మంచినీళ్లతో తుడిచి నూనె వేయండి.

షుగరు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో బయలుదేరకూడదు. జేబులో గ్లూకోజు పొట్లమో చక్కెరో ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే ఆగి నోట్లో వేసుకోండి. చెప్పులు లేకుండా తొక్కవద్దు. తడిసిన పాదాలను వేళ్ల సందులతో సహా ఆరబెట్టుకుని పుండ్లు ఉన్నాయేమో చూసుకోండి. గుండె జబ్బు ఉన్నవారు, స్టెంటు వేయించుకున్నవారు డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టకండి. రొమ్ములో బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం వస్తే గాలి మీద నెపం వేయకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

ఇక పైన ఆపిన మాట. ఆ రోజు కాలువ కట్ట మీద నవ్విన మా ముగ్గురిలో ఇద్దరం మాత్రమే తేరుకున్నాం. మేము వారానికి రెండు సాయంత్రాలు తొక్కడం మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి డ్యూటీకి వెళ్లడం బరువనిపించలేదు. మూడో సిస్టరు కూడా మాతో వచ్చేది, తొక్కేది, నవ్వేది. అయినా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టేది కాదు. అన్నం సయించేది కాదు. తన చేతుల మీదుగా పోయిన రోగుల ముఖాలు కనబడి ఏడ్చేది. "ఇంకొంచెం ఎక్కువ తొక్కు, అదే పోతుంది" అని మేము చెప్పాం. అది మేము చేసిన తప్పు. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా పక్కనే ఉన్న జబ్బును గుర్తుపట్టలేదు. ఒక రాత్రి ఆమె "నేను లేకపోతే ఎవరికేం నష్టం" అన్న తర్వాతే డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. అవి పని చేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు ఆమె బాగుంది. తన సంగతి రాయమని మాకు చెప్పినది కూడా ఆమే.

కనుక ఇంట్లో ఎవరికైనా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే, నిద్ర, ఆకలి చెడిపోతే, వ్యాయామం చెప్పి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆ రోజే తీసుకురండి, ఒంటరిగా వదలకండి. దారి కుదరకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రి పగలు పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు వాడటం విశ్వాసం లేకపోవడం కాదని కూడా చెప్పాలి. షుగరు మాత్ర వేసుకునేవారిని ఎవరూ ఆ మాట అనరు కదా.

ఆ చేపలాయన సంగతి అడుగుతారని తెలుసు. మాటకు కట్టుబడి మర్నాడే లేచాడు. మొదట బుట్ట లేకుండా ఉత్త సైకిలు, పది నిమిషాలు. భార్య గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేది. పద్దెనిమిది గీతలయ్యాయి. అంతలో నవంబరులో ఆ పెద్ద వానలు వచ్చాయి. పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగింది. అన్ని పల్లెల్లోనూ నీళ్లు. మేము మూడు వారాలు అటు పోలేకపోయాం. పోయి చూస్తే ఆయన మళ్లీ మంచం మీద, గోడవైపు తిరిగి.

నిజం చెప్పాలంటే మాకు నీరసం వచ్చింది. భార్యకు రాలేదు. "పద్దెనిమిది గీతలు ఎక్కడికీ పోలా సిస్టరమ్మా, పంతొమ్మిదోది పెట్టాల, అంతే" అంది. చెరిపేసి మళ్లీ ఒకటి నుండి మొదలుపెట్టాలని మేము అనుకున్నాం. ఆమె చెప్పిందే సరైన వైద్యం. జబ్బు నుండి కోలుకునే మనిషికి మధ్యలో వారం పది రోజులు ఆగిపోవడం మామూలే. పరీక్షలో తప్పినట్టు చూడకూడదు. ఆ సాయంత్రం పంతొమ్మిదో గీత పడింది.

2022 జనవరి ఆఖరులో షుగరు పరీక్షల కోసం ఆ పల్లెకు వెళ్లాం. గోడ మీద గీతలు మేము లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి, కొన్ని సున్నం కింద పడిపోయాయి. మనిషి ఇంట్లో లేడు. పరీక్షలు పూర్తి చేసుకుని బయలుదేరుతుంటే రోడ్డు మలుపులో రబ్బరు హారను మోగింది. బుట్ట వెనక కట్టుకుని ఎదురుగాలిలో తల వంచుకుని తొక్కుకుంటూ వచ్చి ఆగాడు. అర కేజీ కానాగంతలు తూచమన్నాం. ఊరికే ఇస్తాడేమో, వద్దని ఎలా చెప్పాలా అని మాలో మేము అనుకుంటూ ఉన్నాం. ఆయన తక్కెడ ఎత్తి, తూచి, ధర చెప్పాడు. పది రూపాయలు తగ్గించమంటే తగ్గించలేదు.